దెబ్బతిన్న భుజానికి మళ్ళీ పని నేర్పడం



ఎప్పుడూ విత్తనాలను గూర్చి, ఎరువులను గూర్చి, పురుగుమందులను గూర్చి చెప్పే మనిషి ఈ వేళ భుజం నొప్పి సంగతి ఎత్తుకున్నాడేమిటని మీకు అనిపించవచ్చు. కారణం ఉన్నది. నాగలి విరిగితే వడ్రంగి దగ్గరకు తీసుకుపోతాము. మోటారు కాలితే ఆ పని తెలిసినవానికి చూపిస్తాము. ఎద్దు మెడ పుండు పడితే అది మానేవరకు కాడి కట్టము. మన జబ్బ నొప్పి పుడితే మాత్రం ఇంత తైలం రాసుకొని మర్నాడు మళ్ళీ చేలోకి దిగుతాము. సేద్యంలో ఏ పనిముట్టు పట్టుకోవాలన్నా ముందు భుజం పని చేయాలిగదా! కాబట్టి ఇదీ సేద్యపు సంగతే.

నేను కండ్లారా చూచిన ఇద్దరు రైతుల కథ ముందు చెబుతాను.

మొదటి ఆయన పత్తి రైతు. ట్రాక్టరు తొట్టి మీదనుంచి జారి, చేయి ఆనించి పడ్డాడు. ఎముక విరగలేదు. భుజంలో కండ కొస కొంత చిరిగిందని డాక్టరుగారు చెప్పి, చేతికి జోలె కట్టి, తరువాత చేయవలసిన వ్యాయామాలు కూడా నేర్పి పంపారు. రెండు నెలలకు నొప్పి తగ్గింది. తగ్గగానే వ్యాయామాలు మానేశాడు. అంతలో పత్తికి మందు కొట్టే అదను వచ్చింది. "నొప్పి లేదుగదండీ, ఇక పని చేసుకోవచ్చునా?" అని నన్నే అడిగాడు. నేను ఆయన చేను చూచానుగాని ఆయన భుజం చూడలేదు. "నొప్పి లేకపోతే ఇంకేం, కానివ్వండి" అన్నాను. పదహారు లీటర్ల డబ్బా వీపున తగిలించుకొని, ఒక చేత్తో మీట కొడుతూ, రెండో చేత్తో గొట్టం తిప్పుతూ ఆ రోజంతా మందు కొట్టాడు. మూడోనాటికి చేయి పైకి లేవలేదు. ఆ యేడు మిగిలిన మందులన్నీ కూలి ఇచ్చి కొట్టించుకున్నాడు. పత్తి తీతకూ ఆ చేయి అక్కరకు రాలేదు. తప్పు ఆయనది కాదు. అడిగినవానికి తెలియక సమాధానం చెప్పిన నాది.

రెండవ ఆయన వరి రైతు. ఆయనకూ ఇంచుమించు అటువంటి దెబ్బే. ఈయన మొదటివానికి పూర్తిగా ఎదురు. జోలె తీయవచ్చునని డాక్టరుగారు చెప్పినా, కదిలిస్తే మళ్ళీ ఏమవుతుందోనని మూడు నెలలు చేయి కదపలేదు. నొప్పి పోయింది గాని భుజం బిగుసుకుపోయింది. తలపాగా చుట్టుకోవడానికి చేయి అందదు. చొక్కా తొడుక్కోవాలంటే ఇంటి ఇల్లాలు సాయం పట్టాలి.

చూచారా? ఒకరు తొందరపడి చెడ్డారు. ఒకరు భయపడి చెడ్డారు. ఆ తరువాత నేను ఫిజియోథెరపీ తెలిసినవారిని అడిగి, చదవవలసినది చదివి తెలుసుకున్న సంగతి ఒక్కటే. దెబ్బతిన్న భుజానికి ఒట్టి విశ్రాంతి చాలదు, ఒట్టి పనీ పనికిరాదు. కోడెదూడను కాడికి అలవాటు చేసినట్లు కొంచెం కొంచెంగా బరువు పెంచుతూ పోవాలి. ఏ కదలికలో ఏ కండకు ఎంత బరువు పడుతుందో కొలిచి చూచినవారున్నారు. ఆ కొలతలే మనకు దారి చూపుతాయి.

ముందు భుజం ఎట్లా కట్టి ఉన్నదో తెలుసుకుందాము. చెంచాలో నిమ్మకాయ పెట్టుకొని నడిచే పందెం మీరు చూచే ఉంటారు. భుజం కీలు కొంత అటువంటిదే. దండచేతి ఎముక పైకొస గుండ్రని బంతివలె ఉంటుంది. అది ఆనే గుంట, రెక్క ఎముకలోనిది, చాలా చిన్నది, లోతు తక్కువది. అందుకే చేయి అన్ని వైపులకూ తిరుగుతుంది. అందుకే తేలికగా పట్టు కూడా తప్పుతుంది. ఆ నిమ్మకాయ చెంచాలోనుంచి జారకుండా నాలుగు చిన్న కండరాలు చుట్టూ పట్టుకొని ఉంటాయి. పైన ఒకటి, సుప్రాస్పైనేటస్. వెనుక రెండు, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరిస్ మైనర్. ముందు ఒకటి, సబ్‌స్కాపులారిస్. ఈ నాలుగింటిని కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వీటి పైన, జబ్బ మీద గుండ్రంగా కనిపించే పెద్ద కండ డెల్టాయిడ్.

చేయి పైకెత్తేటప్పుడు ఈ చిన్న కండలు, ఆ పెద్ద కండ జోడెడ్లవలె కలిసి లాగాలి. పెద్ద కండ బంతిని పైకి గుంజుతుంది. చిన్న కండలు దానిని గుంటలోకి అదిమి, కిందికి పట్టి ఉంచుతాయి. జోడులో ఒక ఎద్దు బలిసినది, రెండవది చిక్కినది అయితే ఏమవుతుంది? కాడి ఒరుగుతుంది, చాలు వంకరపోతుంది. భుజంలోనూ అంతే. చిన్న కండలు నీరసించి ఉంటే బంతి పైకి జరిగి, పైనున్న ఎముక చూరుకింద కండ కొస నలుగుతుంది. మన పత్తి రైతుకు నొప్పి పోయినమాట నిజమే. పెద్ద ఎద్దు బలంగానే ఉన్నది. చిన్న ఎద్దు ఇంకా లేవలేదు. నొప్పి లేకపోవడం వేరు, బలం తిరిగి రావడం వేరు. ఈ ఒక్కమాట నాకు ఆనాడు తెలిసి ఉంటే బాగుండేది.

ఇంకొక సంగతి. చేయి ఒక్కటే లేవదు, రెక్క ఎముక కూడా తిరుగుతుంది. 1944లో అమెరికాలో ఇన్‌మన్, సాండర్స్, ఆబట్ అనే ముగ్గురు భుజం కదలికలను కొలిచి ప్రకటించారు. చేయి పూర్తిగా, అనగా 180 డిగ్రీలు ఎత్తితే అందులో సుమారు 120 డిగ్రీలు భుజం కీలులో, 60 డిగ్రీలు రెక్క ఎముక తిరగడంవల్ల వస్తాయని వారు చెప్పారు. కాబట్టి రెక్క ఎముకను నడిపే కండలకూ పని నేర్పాలి.

కండ ఎంత పని చేస్తున్నదో ఎట్లా తెలుస్తుంది? మీ బోరు మోటారు స్టార్టరు పెట్టె మీద ఆమ్మీటరు ఉంటుంది. మోటారు ఎంత కరెంటు లాగుతున్నదో దాని ముల్లు చూపిస్తుంది. కండరం పని చేసేటప్పుడు కూడా అతి సన్నని విద్యుత్తు పుడుతుంది. చర్మం మీద చిన్న బిళ్ళలు అంటించి గాని, లోపలి కండలలోనికి సన్నని తీగెలు దించి గాని ఆ విద్యుత్తును పట్టుకుంటారు. దీనిని ఎలక్ట్రోమయోగ్రఫీ అంటారు. ముందు మనిషిచేత ఉన్న శక్తినంతా పెట్టించి దానిని నూరుగా లెక్క కడతారు. తరువాత ఒక్కొక్క వ్యాయామంలో ఆ నూటికి ఎన్ని పాళ్ళు వచ్చిందో చూస్తారు. నూటికి 20 లోపు అయితే తేలిక, 21 నుంచి 40 వరకు మధ్యరకం, 41 నుంచి 60 వరకు ఎక్కువ, 60 దాటితే చాలా ఎక్కువ అని సాధారణంగా లెక్క వేసుకుంటారు. ఈ కొలతలు ఎక్కువగా ఆరోగ్యంగా ఉన్నవారిమీద తీసినవి. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. అయినా ఏది తేలిక, ఏది బరువు అనే వరుస తెలుసుకోవడానికి ఇవి చాలు.

ఇప్పుడు మెట్లవారీగా చూద్దాము. మీ భుజానికి ఏ మెట్టు ఎప్పుడన్నది డాక్టరుగారో, ఫిజియోథెరపిస్టో చెప్పాలి. నేను వరుస మాత్రమే చెబుతున్నాను.

మొదటి మెట్టు, చేయి వేలాడదీసి ఊపడం. బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్ పేరు మీద దీనిని పిలుస్తారు. భుజాన్ని గూర్చి ఆయన 1934లో పెద్ద గ్రంథమే వెలువరించాడు. మంచి చేయి బల్ల మీద ఆనించి, నడుము వంచి, నొప్పి చేయిని గిలకనుంచి చేద వేలాడినట్లు వదిలివేయాలి. ఊగవలసినది ఒళ్ళు, చేయి కాదు. ఒళ్ళు ముందుకు వెనుకకు ఊగితే చేయి దానంతట అదే ఊగుతుంది. చాలామంది జబ్బ బిగించి చేయినే గిరగిర తిప్పుతారు. అది తప్పు. చిన్నగా ఊపితే కండకు పని చాలా తక్కువ. సుమారు 51 సెంటీమీటర్ల వెడల్పున పెద్ద సున్నాలు చుట్టించి కొలిచినప్పుడు పై కండ నూటికి 15 పాళ్ళు దాటి పని చేసింది. ఇంకొక విచిత్రం వినండి. సీసా ఎత్తి నీళ్ళు తాగడంలో కూడా అది 15 దాటింది. కాబట్టి కొత్తగా ఆపరేషన్ అయినవారు "నీళ్ళు తాగడమేగా" అని ఆ చేతితో సీసా ఎత్తకండి. కొన్నాళ్ళు మంచి చేతితోనే తాగండి.

రెండవ మెట్టు, మంచి చేతి సాయంతో ఎత్తడం. వెల్లకిల పడుకొని ఒక కర్రను రెండు చేతులతో పట్టుకొని, మంచి చేయి నెట్టుతుంటే నొప్పి చేయి వెంట పోవాలి. బల్ల మీద తువ్వాలు పరచి, దాని మీద చేయి పెట్టి ముందుకు జారుస్తూ ఒళ్ళు వంచినా ఇదే లాభం. తరువాత దూలానికి గిలక కట్టి, తాడు రెండు కొసలూ పట్టుకొని మంచి చేత్తో లాగుతూ రెండవ చేయిని పైకి లేపవచ్చు. బావి గిలక ఉంటే అదే చాలు. ఈ మెట్టులో కండకు పని కొంత పడుతుంది గాని చేయి తనంతట తాను లేచినప్పటికన్న తక్కువ. బిగుసుకుపోయిన వరి రైతుకు ముందు కావలసింది ఇదే. రోజుకు రెండు మూడు విడతలు, విడతకు పదిసార్లు.

చేయి తనంతట తాను లేవడం చిన్న పని కాదు సుమా! అరవై కిలోల మనిషికి ఒక చేయి బరువే మూడు కిలోలదాకా ఉంటుంది. ఏతాము జ్ఞాపకం తెచ్చుకోండి. చేయి బారు పొడుగు. కండ కొస పట్టు మాత్రం కీలుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే. పొట్టి కొస పట్టుకొని పొడుగు కొసను లేపాలంటే ఎంత బలం కావాలి! అందుకే మోచేయి మడిచి ఎత్తితే తేలిక, చాచి ఎత్తితే బరువు. చేలో పని మొదలుపెట్టినప్పుడు కూడా ఈ సూత్రం మరువకండి. బరువును ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి.

మూడవ మెట్టు, కదలకుండా బలం పెట్టడం. గోడ పక్కన నిలబడి, మోచేయి ఒంటికి ఆనించి మడిచి, అరచేతి వెనుక భాగంతో గోడను వెలుపలికి మెల్లగా ఒత్తాలి. అయిదు లెక్కపెట్టి వదలాలి. గుమ్మం పక్కన నిలబడి అరచేత్తో లోపలికి ఒత్తితే ముందు కండకు పని. చేయి కదలదు, కండ మాత్రం మేలుకుంటుంది. మీ బలంలో నాలుగోవంతుతో మొదలుపెట్టండి. గోడ కూలదోయవలసిన పని లేదు.

నాలుగవ మెట్టు, చిన్న ఎద్దును బలపరచడం. ఇది అసలైన మెట్టు. మంచి వైపుకు ఒత్తిగిలి పడుకోండి. పైనున్న నొప్పి చేతి మోచేయి మడిచి పక్కకు ఆనించండి. మోచేతికీ పక్కకూ మధ్య కండువా చుట్టి పెట్టండి. ముంజేతిని పొట్టమీదనుంచి మెల్లగా పైకి తిప్పి, మెల్లగా దించండి. అమెరికాలో 2004లో ప్రకటించిన ఒక పరిశీలనలో, బరువు పట్టుకొని ఈ వ్యాయామం చేసినప్పుడు వెనుక కండలలో ఇన్‌ఫ్రాస్పైనేటస్ నూటికి 62 పాళ్ళు, టెరిస్ మైనర్ 67 పాళ్ళు పని చేశాయి. ఆ పరిశీలనలో చూచిన ఏడు వ్యాయామాలలోకెల్ల ఆ రెండు కండలకూ ఇదే ఎక్కువ. మీరు మొదట ఒట్టి చేతితో చేయండి. తరువాత అర లీటరు నీళ్ళ సీసా, అనగా అర కిలో. తరువాత లీటరు సీసా. ఇంతకన్న ఖరీదైన సామాను అక్కరలేదు. నిలబడి చేయదలచిన యెడల పాత సైకిలు ట్యూబును కోసి గుంజకు కట్టి లాగవచ్చు.

పై కండకు ఇంకొకటి ఉన్నది. చేయి చాచి, పూర్తిగా పక్కకు గాక కొంచెం ముందుకు ఉండేటట్లు, భుజం ఎత్తువరకు మాత్రమే ఎత్తడం. 1982లో డాక్టర్ జోబ్, మోయిన్స్ అనేవారు బొటనవేలు కిందికి ఉంచి ఎత్తే పద్ధతి చెప్పారు. డబ్బాలోని నీళ్ళు ఒలకబోసినట్లుంటుంది కాబట్టి దానికి ఖాళీ డబ్బా అని పేరు. తరువాతివారు కొలిచి చూడగా బొటనవేలు పైకి ఉంచి, నిండు డబ్బా పట్టుకొన్నట్లు ఎత్తినా పై కండకు ఇంచుమించు అంతే పని పడిందని, పెద్ద కండ డెల్టాయిడ్ జోక్యం మాత్రం తగ్గిందని తేలింది. మనకు కావలసినది చిన్న ఎద్దు పని చేయడమేగదా! కాబట్టి బొటనవేలు పైకే ఉంచండి.

అయిదవ మెట్టు, రెక్క ఎముకకు. గోడకు ఎదురుగా మూరెడు దూరంలో నిలబడి, రెండు అరచేతులూ ఆనించి, దండీలు తీసినట్లు వంగి లేవండి. మోచేతులు చాచిన తరువాత ఆగక, ఇంకొక్క నెట్టు నెట్టండి, వీపు కొంచెం గుండ్రంగా అయ్యేదాకా. ఆ చివరి నెట్టులోనే పక్కటెముకల మీదనుండే సెరేటస్ యాంటీరియర్ అనే కండ బాగా పని చేస్తుంది. రెక్క ఎముకను ముందుకు తెచ్చి, తిప్పేది అదే. గోడ తేలికైన తరువాత బల్ల, బల్ల తరువాత నేల.

బలం పెంచే వ్యాయామాలు రోజు విడిచి రోజు, పది పదిహేనుసార్లు చొప్పున రెండు మూడు విడతలు చాలు. గుర్తు ఒకటి చెబుతాను. నొప్పిని పదికి లెక్క వేసుకోండి. చేసేటప్పుడు మూడుకు మించకూడదు, మర్నాడు పొద్దుటికి మామూలు కావాలి. రాత్రి నిద్ర చెడిందంటే నిన్నటి మోతాదు ఎక్కువైందన్నమాట. ఒక మెట్టు దిగండి. దిగినందువల్ల నామోషీ లేదు.

ఇక చేలో పని. చిరిగిన కండ కొసను కుట్టిన ఆపరేషన్ అయితే సాధారణంగా నాలుగునుంచి ఆరు వారాలు జోలె, బలం పెంచే వ్యాయామాలు మూడు నెలలు దగ్గరపడిన తరువాతనే మొదలుపెడతారు. కుట్టినది ఎముకకు అతుక్కోవడానికి నెలలు పడుతుంది. అంటు కట్టిన మామిడి కొమ్మకు ఊయల కట్టముగదా! పనికి దిగేటప్పుడు నడుముకన్న కిందనుండే పనులు ముందు, భుజంకన్న పైకి చేయి ఎత్తే పనులు అన్నిటికన్న చివర. మందు డబ్బా పదహారు లీటర్లు నింపితే నీరే పదహారు కిలోలు, డబ్బా బరువు వేరే. సగం నింపుకోండి. నేలమీదనుంచి గుంజి ఎత్తక, గట్టుమీదనో అరుగుమీదనో పెట్టి తగిలించుకోండి. మీట కొట్టే పని లేని బ్యాటరీ పంపు దొరికితే భుజానికి సగం చాకిరీ తప్పినట్లే. యూరియా బస్తా 45 కిలోలు, డి.ఎ.పి. బస్తా 50 కిలోలు. వీటిని ఆ యేడు ఒక్కరే భుజానికి ఎత్తుకోకండి. ఇద్దరు పట్టండి.

కొన్ని గుర్తులు కనిపిస్తే వ్యాయామాల మాట మరచి వెంటనే ఆసుపత్రికి పోవాలి. పడిన తరువాత చేయి అసలే లేవకపోయినా, భుజం ఆకారం మారినా, చేయి తిమ్మిరెక్కి పట్టు తప్పినా, వాపుతోపాటు జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి. ఛాతీలో బరువు, చెమటలతో ఎడమ భుజం లాగితే అది గుండెకు సంబంధించినది కావచ్చు. ఆ పూటే పోవాలి. దెబ్బ ఏదీ లేకుండా నలభై దాటినవారికి భుజం మెల్లమెల్లగా బిగుసుకుంటూ వస్తే చక్కెర పరీక్ష చేయించుకోండి. మధుమేహం ఉన్నవారిలో ఇది ఎక్కువ.

గ్రామాలలో పని చేసే నా తోటి కార్యకర్తలకు ఒక్కమాట. మనము వైద్యులము కాము. వ్యాయామం రాసి ఇవ్వడం మన పని కాదు. కాని మందు కొట్టమని చెప్పేముందు కొట్టేవాని చేయి ఎట్లా ఉన్నదో అడగడం మన పనే. మూడు ప్రశ్నలు చాలు. నొప్పి లేకుండా చేయి తలపైకి ఎత్తగలరా? ఆ వైపు పడుకొని నిద్ర పోగలుగుతున్నారా? డాక్టరుగారు చెప్పిన వ్యాయామాలు చివరిదాకా చేశారా? ఒక్కదానికి కాదన్నా, ముందు ఫిజియోథెరపిస్టు ఉన్న ఆసుపత్రికి పంపండి. మందు ఎవరిచేతనైనా కొట్టించవచ్చు.

ఆ పత్తి రైతు తరువాత ఏమైనాడని మీరు అడగవచ్చు. మళ్ళీ మొదటి మెట్టునుంచి ఎక్కాడు. ఈసారి నొప్పి పోయిన తరువాత కూడా ఆరు నెలలదాకా సీసా విడిచిపెట్టలేదు. మరుసటి యేడు సగం డబ్బాతో, తన మందు తానే కొట్టుకున్నాడు. మొన్న చేలో కనిపించి, నేను అడగకముందే చేయి పైకెత్తి చూపించి నవ్వాడు. వరి రైతుకు ఎక్కువ కాలం పట్టింది. ఇప్పుడు తలపాగా ఆయనే చుట్టుకుంటున్నాడు. చేయి పూర్తిగా వెనక్కు మాత్రం ఇంకా పోదు.

మానిన భుజానికి ఓర్పుగా పని నేర్పండి.